జాన్ బాషా చెవీ, నలభై మూడు పళ్ళ క్రౌనూ

చిలకలూరిపేట హైవే మీద తిరిగి కూడా జాన్ బాషా చెవి సంగతి తెలియని డ్రైవరు ఉన్నాడంటే, వాడు లారీ నడిపినవాడు కాదు, లారీలో పడుకుని నిద్రపోయినవాడు. బండి వెనక ఇరుసు మధ్యలో కుండలాగా ఉబ్బెత్తుగా హౌసింగు ఉంటుంది కదా, దాని లోపల క్రౌను అనే పెద్ద పళ్ళచక్రాన్ని పినియను అనే చిన్న పళ్ళచక్రం తిప్పుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య కాగితం మందం తేడా వచ్చినా బండి ఏడుస్తుంది. మిగతా మేస్త్రీలు బండెక్కి ఆ ఏడుపు వింటారు. జాన్ బాషా నులకమంచం మీద పడుకుని వినేవాడు. గణపవరం మిల్లుల దగ్గర పత్తి లారీ ఇంకా మలుపు తిరుగుతూ ఉండగానే ఇక్కడ కళ్ళు మూసుకుని, "దాని పినియనుకి మూడో పన్ను మొన విరిగింది" అనేవాడట. వచ్చి ఆగాక విప్పి చూస్తే మూడో పన్నేనట. గుండ్రటి చక్రంలో మూడోది ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలని అడిగినవాడికి మాత్రం ఆ పూట టీ దక్కేది కాదు.

ఇంకో కథ ఉంది. సాగర్ కాలువలో పడ్డ లారీని, తను గేరు మార్చిన జీపుకి కట్టి లాగితే లారీతో పాటు కాలువ గట్టు కూడా రెండడుగులు రోడ్డు మీదికి వచ్చిందట. "నమ్మకపోతే పోయి చూడండి, ఆ కాలువ ఇప్పటికీ అక్కడ వంకర తిరిగి ఉంటది" అనేవాడు. పోయి చూసినవాడు లేడు. పోయినా కాలువ వంకరగానే ఉంటుంది. కాలువలు వంకర తిరగకుండా ఎట్లా ఉంటాయి?

చదువు ఆరో తరగతి దగ్గర ఆగింది. ఎనిమిదో ఎక్కం వరకు వచ్చు. "పినియనుకి ఎనిమిది పళ్ళుంటే చాలు, ఆ పైన ఎక్కాలు దండగ" అని బడి వదిలేశానని చెప్పుకుంటాడు. పదకొండేళ్ళకి గుంటూరులో ఒక మేస్త్రీ దగ్గర చేరాడు. ఆ మేస్త్రీ విప్పిన బోల్టులు కడగటంతో మొదలుపెట్టి, ఇరవై రెండేళ్ళకి పేటలో హైవే పక్కన సొంత షెడ్డు వేశాడు. షెడ్డు వెనకే ఇల్లు. మధ్యలో ఒక్క రేకు. ఆ రేకు ఇవతల అతను ముప్ఫై ఏళ్ళు ఇనుము మోగించాడు, అవతల అతని భార్య ఖాదర్‌బీ ముప్ఫై ఏళ్ళు గిన్నెలు మోగించింది.

అతని పనిలో ఒక కట్టుబాటు ఉంది. గేరు బిగించాక బండిని ట్రయలుకి తీసుకుపోతాడు. ఆ ట్రయల్లో బండి యజమాని గానీ, డ్రైవరు గానీ, ఇంకెవరైనా గానీ నోరు తెరవకూడదు. దగ్గొచ్చినా మింగాలి. ఒకసారి ఒక పెద్ద రైతు "ఏంది బాషా ఈ చప్పుడు" అన్నాడని నడిరోడ్డు మీద దింపేసి వచ్చాడు. ట్రయల్లో మాట్లాడేది బండి ఒక్కటే, వినేది జాన్ బాషా ఒక్కడే. వచ్చాక మళ్ళీ విప్పి, షిమ్ములనే పల్చటి రేకులు ఒకటి తీసో ఒకటి వేసో ఆ ఏడుపు పోగొడతాడు. మామూలుగా రెండుసార్లు విప్పాలి, మొండి బండి అయితే నాలుగు.

అయితే ఏడాదిగా అతని చేతిలో ఒక అద్భుతం జరుగుతోంది. ఏ బండి బిగించినా మొదటి ట్రయల్లోనే నిశ్శబ్దం. రెండోసారి విప్పే పనే లేదు. చెయ్యి పండిపోయిందనుకున్నాడు. తన గురువుకి కూడా రాని విద్య యాభై మూడో ఏట తనకి వచ్చిందనుకున్నాడు. అప్పటికి అతనికి ఇంకా కొన్ని సంగతులు వింతగా కనిపించేవి. మసీదు మైకు నీరసించిపోయింది. జనం నోట్లోనే గొణుక్కుంటున్నారు. కొత్త లారీల హారన్లు పిల్లికూతల్లాగా ఉంటున్నాయి. లోకమంతా ఒక్కసారిగా ఎందుకు మెత్తబడిందో అర్థం కాక, కాలం మారిందని సరిపెట్టుకున్నాడు.

రెండువేల రెండో సంవత్సరం మార్చిలో, మిరప కళ్ళాలు ఎత్తేసే రోజుల్లో, యలమంద, అతని భార్య వీరమ్మ ఒక పికప్ బండిలో వచ్చారు. బండి వెనక రెండు చక్రాల ట్రాలీ, దాని మీద డీజిల్ ఇంజనూ కారం పట్టే మరా బిగించి ఉన్నాయి. ఊరూరా తిరిగి, ఇంటింటి ముందు ఆపి ఏడాదికి సరిపడా కారం పట్టి పెట్టడం వాళ్ళ పని. మిరపకాయలు కొన్నవాళ్ళకంటే ముందు వీళ్ళకే తుమ్ములు వస్తాయి.

"బాషన్నా, బండి చదునులో గుర్రమే" అన్నాడు యలమంద. "ఎత్తొచ్చిందంటే చచ్చిన గేదె. ట్రాలీ వెనక్కి లాగుద్ది, క్లచ్చి కాలుద్ది, ఇంజను ఆగిపోద్ది."

"ఆగినప్పుడు ఏం చేస్తన్నారు?"

యలమంద భార్య వైపు చూశాడు. వీరమ్మ తన కుడిచేయి చీరకొంగు కింద దాచుకుంది. ఖాదర్‌బీ మంచినీళ్ళు ఇస్తూ ఆ చేతిని బయటికి లాగి చూసింది. బొటనవేలి గోరు నల్లగా కమిలి, సగం ఊడి ఉంది.

"ఎత్తు దగ్గర నేను దిగుతానక్కా" అంది వీరమ్మ. "రాయి పట్టుకుని చక్రం వెనకాలే నడుస్తా. ఆగంగానే కింద పెడతా. మొన్నోసారి రాయి పెట్టిందాకా బండి ఆగలా."

"ఎన్ని ఎత్తులున్నయ్యి మీ తోవలో?" అన్నాడు జాన్ బాషా.

"వినుకొండ దాటి దర్శి వైపు పోయేదాకా, చిన్నా పెద్దా కలిపి పద్నాలుగు."

పద్నాలుగు ఎత్తులు రాయి పట్టుకుని బండి వెనక నడిచే మనిషిని జాన్ బాషా కాసేపు చూశాడు. ఆ తర్వాత బండి కిందికి దూరి, హౌసింగు మూత తీసి పళ్ళు లెక్కపెట్టాడు. పినియను తొమ్మిది, క్రౌను ముప్ఫై ఏడు.

"ఇది జోరు మీదుండే క్రౌను" అన్నాడు బయటికొచ్చి. "రెండేసి మెట్లు దూకి ఎక్కే కుర్రాడి లాంటిది. వాడి నెత్తిన బస్తా పెడితే మొదటి మెట్టు దగ్గరే కూలబడతాడు. నేను దీనికి ఒక్కో మెట్టే ఎక్కే క్రౌను వేస్తా. పినియను ఎనిమిది, క్రౌను నలభై మూడు. ఇంజను నాలుగు చుట్లకి తిప్పే చక్రాన్ని ఇప్పుడు అయిదుంపావు చుట్లకి తిప్పుద్ది. బండి నిదానిస్తది గానీ బలం వస్తది. ట్రాలీ ఏంది, కోటప్పకొండని కట్టినా కదులుద్ది. దేవుడు ఒప్పుకోడని కట్టట్లేదు గానీ."

"జోరు తగ్గుద్దా?" అన్నాడు యలమంద దిగులుగా.

"తగ్గుద్ది. కానీ నీ మీటరుకి ఆ సంగతి తెలవదు. నలభై ఆరులో పోతంటే అరవై చూపిస్తా ఉంటది. అది చూసుకుని సంతోషపడు."

"అచ్చం ఈయన లాంటి మీటరన్న మాట" అంది ఖాదర్‌బీ రేకు అవతల నుంచి. ఆ మాటకి యలమంద నవ్వాడు, వీరమ్మ నవ్వింది. ఎందుకు నవ్వారో జాన్ బాషాకి తెలియలేదు. తన మాటకే అనుకుని తనూ నవ్వాడు.

బెజవాడ ఆటోనగర్‌లో ఊడదీసిన పాత జీపు నుంచి క్రౌను పినియను జంట తెచ్చాడు. ఈ రెండూ జంటగానే దొరకాలి. ఒకదానితో ఒకటి అరిగి, ఒకదాని వంపు ఒకటి నేర్చుకుని ఉంటాయి. వేరే బండిదాన్ని తెచ్చి కలిపితే కాపరం చెయ్యవు. పళ్ళ మీద ఎక్కడ ఒరుసుకుంటున్నాయో తెలియడానికి మేస్త్రీలు నీలం రంగు పూస్తారు. జాన్ బాషా కుంకుమ పూస్తాడు. బండి ఎవరిదైతే ఆ ఇంటావిడ భరిణె నుంచే చిటికెడు తీసుకుని, ఆముదంలో కలిపి పళ్ళకి రాసి, క్రౌనుని చేత్తో నాలుగు చుట్లు తిప్పుతాడు. కుంకుమ ఎక్కడ చెరిగితే అక్కడ ఒరుసుకుంటున్నట్టు. చెరిగిన మచ్చ పన్ను నడిమధ్యన ఉండాలి.

వీరమ్మ కుంకుమ దాదాపు నడిమధ్యనే చెరిగింది. ఒక నూలుపోగంత పైకి ఉంది. "రంగు చూసి బిగించేవాడు నేర్చుకునేవాడు, చెవితో బిగించేవాడు మేస్త్రీ" అని తనకి తానే చెప్పుకుని, బిగించి ట్రయలుకి బయల్దేరాడు.

పేట నుంచి ఒంగోలు వైపు పది కిలోమీటర్లు పోయి వచ్చాడు. పక్కన యలమంద, వీరమ్మ. బండి లేచింది మొదలు గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చిన్నప్పుడు అమ్మ ఊపిన ఉయ్యాల కూడా ఇంత మెత్తగా ఊగలేదు. ఓరగా చూస్తే యలమంద నోరు తెరిచాడు, వీరమ్మ అతని తొడ మీద గిల్లింది, అతను మూసుకున్నాడు. తన పనితనానికి నోరెళ్ళబెట్టాడనే జాన్ బాషా అనుకున్నాడు.

"ఎట్టా ఉంది?" అన్నాడు షెడ్డు దగ్గర దిగాక.

"మీరే చెప్పాలన్నా."

"నా జీవితంలో ఇట్టాంటి క్రౌను బిగించలా. తీసుకుపో. ఈసారి ఎత్తొస్తే వీరమ్మ ముందు సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోవాల."

వాళ్ళిద్దరూ దణ్ణం పెట్టి, ట్రాలీ తగిలించుకుని వెళ్ళిపోయారు. వినుకొండ దగ్గర చదును ఊళ్ళలో ఆదివారం దాకా కారం పట్టి, సోమవారం ఎత్తెక్కి దర్శి వైపు పోతామని చెప్పారు.

శనివారం సాయంత్రం జాన్ బాషా అన్నం తింటున్నాడు. ఖాదర్‌బీ అతనికి కుడివైపు కూర్చుంది. చాలా నెలలుగా ఆమె కుడివైపే కూర్చుంటోంది. మాట్లాడేముందు భుజం మీద చెయ్యి వేస్తోంది. ఈ వయసులో ఇంత ప్రేమేమిటా అని అతను లోలోపల మురిసిపోతూ ఉండేవాడు. ఆమె అతను గోంగూర కలుపుకుని రెండు ముద్దలు తినే దాకా ఆగింది.

"యలమంద బండి ఏడుస్తా పోయింది" అంది.

"ఏందీ?"

"ఏడుస్తా పోయింది. ఈ రేకు అదిరింది."

జాన్ బాషా ముద్ద కింద పెట్టాడు. "నీకేం తెలుసే క్రౌను సంగతి?"

"ముప్ఫై ఏళ్ళు రేకు వెనక వంట చేసినదాన్ని. నువ్వు పోయిన ట్రయల్ బళ్ళన్నీ పోయేటప్పుడు విన్నా, వచ్చేటప్పుడు విన్నా. నువ్వు మళ్ళీ విప్పుతావో విప్పవో నువ్వు దిగకముందే నాకు తెలిసేది."

"ఒకటి చెప్తా విను. నేను ట్రయల్లో..."

"సరే. ఇప్పుడు నీ వెనక ఏం మోగుతోంది?"

అతను చెవులు రిక్కించాడు. "ఏమీ లేదు."

"చూడు."

తిరిగి చూశాడు. పొయ్యి మీద కుక్కరు విజిలు లేచి నిలబడి ఉంది. ఆవిరి చూరు దాకా కొడుతోంది.

"ఇది మూడోది" అంది ఖాదర్‌బీ.

జాన్ బాషా ఆ విజిలు కిందికి పడేదాకా చూశాడు. నాలుగోది లేచింది. దాన్నీ చూశాడు. అట్లా చూస్తూ చూస్తూ, ఏడాదిగా మెత్తబడిపోయిన లోకమంతా ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది. మసీదు మైకు, లారీ హారన్లు, జనం గొణుగుళ్ళు. ఆ వెనకే, మొదటి ట్రయల్లోనే నిశ్శబ్దంగా నడిచిన బళ్ళు.

"మరి బళ్ళు మళ్ళీ రాలేదుగా?" అన్నాడు చివరి ఆశగా. "పాడైతే తెచ్చేవాళ్ళుగా?"

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "రెండు జీపులు వేరే షెడ్డులో విప్పించుకున్నారు. నాతో చెప్పి పోయారు. నీతో చెప్పబుద్ధి కాలేదంట."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"పోయిన రంజాన్ నుంచి."

"చెప్పకుండా ఎట్టా ఉన్నావే?"

"చెప్తే షెడ్డు మూసేస్తావు. మూస్తే ఆ కాలువ గట్టు కథలన్నీ రోజంతా నేనొక్కదాన్నే వినాల."

"మరి ఇవ్వాళ ఎందుకు చెప్పావు?"

"ఆ పిల్ల గోరు చూశాను."

అన్నం అక్కడే ఆగిపోయింది. పినియను క్రౌనులోకి దిగిన లోతు తేడాగా ఉంటే చదునులో ఏడుస్తుంది, అంతే. ఎత్తులో, వెనక ట్రాలీ లాగుతుండగా అయితే పళ్ళు ఒక్కొక్కటీ రాలుతాయి. పళ్ళు రాలితే ఇంజను దారి ఇంజనుది, చక్రాల దారి చక్రాలది. బండి, ట్రాలీ, మర, అన్నీ కలిసి వెనక్కి వస్తాయి. వెనకాల రాయి పట్టుకుని వీరమ్మ ఉంటుంది. బలమొచ్చిందని తను చెప్పాడు కాబట్టి రాయి లేకుండానే ముందు కూర్చోవచ్చు. కూర్చోదు, అలవాటు పడ్డ మనిషి. దిగి నడుస్తుంది.

ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ బస్సెక్కారు. అతని ఒళ్ళో సామాన్ల పెట్టె, ఆమె ఒళ్ళో షిమ్ముల డబ్బా. వినుకొండ బస్టాండులో దిగి కారం మర ఎటు పోయిందని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపించారు. ఖాదర్‌బీ అటూ ఇటూ చూసి, "ఆ రోడ్డున వచ్చే ఆడోళ్ళంతా ముక్కు తుడుచుకుంటున్నారు, అటు పద" అంది. ముక్కులు పట్టుకుని పోగా పోగా, మూడో ఊళ్ళో గాలి ఎర్రబడింది. పత్తికట్టెల వాముల పక్కన మర తిరుగుతోంది. వీరమ్మ మొహానికి గుడ్డ కట్టుకుని తొట్టిలో మిరపకాయలు పోస్తోంది.

వీళ్ళని చూసి యలమంద ఇంజను ఆపాడు. "ఏందన్నా ఇట్టా వచ్చారు? వదిన కూడా వచ్చిందే!"

జాన్ బాషా అబద్ధం ఒకటి బస్సులోనే తయారు చేసుకున్నాడు. ఆ క్రౌను తయారైన కంపెనీ నుంచి తనకి ఉత్తరం వచ్చిందనీ, ఆ నంబరు ఉన్నవన్నీ ఒకసారి చూడమన్నారనీ. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఏం లేదురా, కంపెనీ వాళ్ళు..." అని ఖాదర్‌బీ మొహం చూశాడు. ఆమె షిమ్ముల డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది.

"బండి ఏడుస్తోంది గదరా" అన్నాడు. "ఎందుకు చెప్పలా?"

"ట్రయల్లో నోరెత్తకూడదుగా బావగారూ" అంది వీరమ్మ. "ఈయన చెప్పబోతే నేనే గిల్లా."

"ట్రయల్ అయినాక చెప్పొచ్చుగా?"

"మీరు ఇట్టాంటి క్రౌను జీవితంలో బిగించలేదన్నారు. మీకంటే మాకెక్కువ తెలుసా? బలం క్రౌను గదా, బరువు మోసేటప్పుడు మనుషులు మూలగరా, అట్టాగే ఇదీ మూలుగుద్దేమో అనుకున్నాం."

జాన్ బాషా పెట్టె కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు, వాటికి మసి ఏమీ లేకపోయినా.

"నాకు వినపడట్లేదురా" అన్నాడు.

అంతకుముందు ఆ మాట అతని నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. కారం పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఇటు తిరిగారు. యలమంద దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, ఊరంతా వినపడేట్టు అరిచాడు.

"అయితే ఇన్నాళ్ళూ నేను నిన్ను తిట్టిన తిట్లు దండగేనంటావా అన్నా!"

జాన్ బాషాకి నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. అవి కారం వల్ల వచ్చాయని చెప్పుకునే వీలు ఆ ఊళ్ళో ఆ పూట అందరికీ ఉంది.

ట్రాలీ విప్పి పక్కన పెట్టి, దాని మీద మర మళ్ళీ తిరుగుతుండగానే పికప్‌ని జాకీల మీద లేపాడు. ఇరుసులు లాగి, క్రౌను దించి, పినియను ఊడదీశాడు. వీరమ్మ మళ్ళీ కుంకుమ ఇచ్చింది. ఈసారి నూలుపోగు తేడా కూడా ఒప్పుకోలేదు. మచ్చ పన్ను నడుమకి వచ్చేదాకా షిమ్ములు మార్చాడు. మధ్యాహ్నానికి బిగించాడు. ఇక మిగిలింది వినడం.

"ఎక్కు" అన్నాడు ఖాదర్‌బీతో.

"నేనా? నాకేం తెలుసు క్రౌను సంగతి?" అంది ఆమె, అతని మాట అతనికే అప్పజెబుతూ.

"ఎక్కవే. నోటితో చెప్పొద్దు, చెప్పినా నాకు సగమే అందుద్ది. గేరు రాడ్డు మీద నా చెయ్యి ఉంటది. దాని మీద నీ చెయ్యి పెట్టు. ఏడిస్తే నొక్కు. ఎక్కువ ఏడిస్తే ఎక్కువ నొక్కు."

ముప్ఫై ఏళ్ళలో ఆమె అతను బాగుచేసిన బండి ముందు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కొంగు తల చుట్టూ బిగించి, రోడ్డు వైపు కాకుండా పక్క తలుపు అద్దం వైపు చూస్తూ కూర్చుంది. అతను యాక్సిలరేటరు తొక్కాడు. చెయ్యి నొక్కింది. వదిలాడు. చెయ్యి తేలికైంది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ నొక్కింది. ఆ నొక్కుడు చదవడం అతనికి అయిదు నిమిషాల్లో వచ్చేసింది. ఆరో తరగతి వాచకం ఏడాది మొత్తం పెట్టుకున్నా రాలేదు.

ఆపాక ఆమె చెప్పింది. "తొక్కినప్పుడు చంటిపిల్లాడు పాలకేడ్చినట్టు, సన్నగా, పొడుగ్గా. వదిలితే ఊరుకుంటోంది."

అతను ఆమె మొహం చూస్తూ ఉండిపోయాడు. నలభై ఏళ్ళ సర్వీసులో ఏ మేస్త్రీ పినియను రోగాన్ని ఇంత సరిగ్గా చెప్పలేదు. ఏ షిమ్ము తియ్యాలో ఆమె మాటలోనే ఉంది. విప్పాడు, తీశాడు, బిగించాడు. పొద్దు వాలబోతుండగా మళ్ళీ పోయారు.

"ఇప్పుడు తొక్కితే ఊరుకుంది. వదిలితే మూలుగుతోంది. మా నాన్న మంచం దిగేటప్పుడు మూలిగేవాడు చూడు, అట్టా."

"ఇక చాలన్నా" అన్నాడు యలమంద. "ముసలాయన మూలిగితే మూలగనియ్. పొద్దున్నుంచీ బండి కిందే ఉన్నావు."

"నువ్వు నోరు మూసుకో. ట్రయల్ అయిపోలా" అన్నాడు జాన్ బాషా.

ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. సోమవారం పొద్దున్నే మూడోసారి విప్పి, సిగరెట్ పెట్టెలో రేకుకంటే పల్చటి షిమ్ము ఒకటి వేశాడు. ఈసారి ఖాళీ బండి వద్దన్నాడు. ట్రాలీ, మర, అన్నీ తగిలించమన్నాడు. ఏడుపున్నదీ లేనిదీ ఎత్తులోనే తేలుతుంది.

మొదటి ఎత్తు మొదట్లో బండి నెమ్మదించగానే, బండి వెనక తొట్టిలో కూర్చున్న వీరమ్మ కిందికి దూకి, రోడ్డు పక్కన రాయి ఎత్తుకుంది. జాన్ బాషా అద్దంలో చూసి బండి ఆపేశాడు.

"ఎక్కు."

"అలవాటు బావగారూ. మీరు పోనియ్యండి, నేను వెనక నడుస్తా."

"నువ్వు ఎక్కిందాకా బండి కదలదు."

"ఒకవేళ..."

"వీరమ్మా" అన్నాడు. అతని గొంతు ఆమె ఎప్పుడూ విననంత చిన్నగా ఉంది. ఎంత చిన్నగా ఉందో అతనికి తెలియదు. "నా చెవి పోయింది గానీ, ఖాదర్‌బీ చెవి పోలా. ఎక్కమ్మా."

ఆమె రాయి వదిలేసి ఎక్కింది.

రెండో గేరు. ఖాదర్‌బీ చెయ్యి అతని చేతి మీద ఉంది. కొంచెం వేడిగా, మిరప పొడికి గరుకుగా. యాక్సిలరేటరు తొక్కాడు. నొక్కలేదు. ట్రాలీ బరువు వెనక్కి లాగడం సీటులో తెలుస్తోంది. ఇంజను వణుకు అరికాలికి తెలుస్తోంది. బండి ఆగలేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నట్టు, తొందర లేకుండా, ఆయాసం లేకుండా ఎక్కుతోంది. నొక్కలేదు. ఎత్తు నడుమ ఒకసారి కావాలని వదిలి, మళ్ళీ తొక్కాడు. అయినా నొక్కలేదు. అతని వీపు మీద చెమట కారుతోంది. నిశ్శబ్దం అంటేనే అతనికి ఇప్పుడు భయం. ఏడాది పాటు అది తనని మోసం చేసింది. ఈ నిశ్శబ్దం నిజమైనదో కాదో ఆ చెయ్యి ఒక్కటే చెప్పాలి.

ఎత్తు ఎక్కేశారు. రెండోది, మూడోది. ఆ చెయ్యి కదలలేదు. ఒక్కసారి కూడా కదలకపోవడం ఏమిటని అనుమానం వచ్చి, రోడ్డు తిన్నగా ఉన్నచోట పక్కకి తిరిగి చూశాడు.

ఖాదర్‌బీ తల తలుపుకి ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఎప్పుడు నిద్రపోయిందో! మొదటి ఎత్తులోనా, మూడోదానిలోనా? లేపి అడుగుదామనుకున్నాడు. పక్కింటి దూడ దగ్గితే లేచి కూర్చునే మనిషి ఈమె. రేకు అవతల స్పానరు కింద పడితే పొయ్యి దగ్గర్నుంచి "ఏమయిందీ" అనే మనిషి. క్రౌను ఏడుస్తుంటే నిద్రపోతుందా? రెండు రోజులుగా చెవులు రిక్కించి రిక్కించి అలిసిపోయింది. విని విని, ఇక వినడానికి ఏమీ లేక నిద్రపోయింది.

మూడో గేరులోకి మార్చాలి. మార్చాలంటే రాడ్డు కదపాలి, కదిపితే ఆమె చెయ్యి జారుతుంది. మార్చలేదు. రెండో గేరులోనే నెమ్మదిగా పోనిచ్చాడు.

మీటరు ముప్ఫై చూపిస్తోంది. వెనక తొట్టిలో యలమంద క్యాబిన్ పైకప్పు మీద రెండు చేతులతో బాదుతున్నాడు. "అన్నా! మేం దిగాల్సిన ఊరు దాటిపోయింది! అన్నా, ఎక్కడికి తీసుకుపోతన్నావు! ఒరే అన్నా!" వీరమ్మ మిరప బస్తాల మీద పడి కడుపు పట్టుకుని నవ్వుతోంది. లోపల వాళ్ళిద్దరిలో ఒకరు నిద్రపోతున్నారు, ఇంకొకరికి వినపడదు. బండి దర్శి వైపు, ఏడుపు లేకుండా, పోతూనే ఉంది.